నల్లగొండల నాటకం ఆడుదామా? కొత్త సీజన్ గురించి అందరూ అడిగే ప్రశ్నలు

నేను నటుణ్ని కాదు. స్టేజి ఎడమ వింగు, అంటే పక్క తెర, చాటున స్టూలు మీద కూసోని, చేతిల స్క్రిప్టు పట్టుకొని, మాట మరిచినోళ్లకు మాట అందించేటోణ్ని. మా నాటక సమాజంల పన్నెండు సీజన్లుగా అదే పని. స్క్రిప్టు ఎవరి చేతిల ఉంటే ఫోన్ నంబర్ కూడా వాళ్లదే అందరికీ తెలుస్తది కాబట్టి, కొత్త సీజన్ మాట బయటికి పొక్కంగనే పాలప్యాకెట్ తెచ్చుకునే టైం నుంచి నాకు ఫోన్లు మొదలైతయి. "అన్నా, నాకు పద్యం రాదు, నడుస్తదా?" "మా పాప తొమ్మిదో తరగతి, తీసుకుంటరా?" "పైసలేమన్న ఇస్తరా?" చెప్పిందే చెప్పి నోరు నొస్తున్నది. అందుకే రాసి పెట్టిన. మీకు ఏది కావాల్నో అదే చూసుకోండి, మొదటి నుంచి చదవాల్సిన పని లేదు.

## చేరకముందు

నేను ఎన్నడూ స్టేజి ఎక్కలేదు. నన్ను తీసుకుంటరా?

తీసుకుంటం. ఇప్పుడున్నోళ్లల్ల సగం మంది మొదటి రోజు చేతులు ఎక్కడ పెట్టుకోవాల్నో తెలియక జేబుల్ల పెట్టుకున్నోళ్లే. మేం చూసేది రెండే సంగతులు. మీ మాట హాలు చివర గోడకు ఆనుకొని నిలబడ్డ మనిషికి వినపడుతదా, ఆరున్నరకు రమ్మంటే ఆరున్నరకు వస్తరా. మొదటిది నెల రోజులల్ల నేర్పొచ్చు. రెండోది నేర్పుడు ఇప్పటిదాక మాతోని కాలేదు. మంచి గొంతు, మంచి రూపం ఉన్న మనిషి వారానికి రెండు రోజులే వస్తే, మిగతా ఎనిమిది మంది ఖాళీ కుర్చీకి డైలాగులు చెప్పుకుంట నిలబడాలె. అట్ల ఒక నాటకాన్ని ఇరవై రోజుల రిహార్సల్ అయినంక ఆపుకున్నం.

వేషాలు ఎట్ల ఇస్తరు? పరీక్ష ఉంటదా?

అక్టోబర్ ఆఖరు రెండు ఆదివారాలు పొద్దున పది గంటలకు కూర్చుంటం. మీరేం బట్టీ పట్టి రావద్దు. ముఖ్యంగా సినిమా డైలాగు వద్దు, ఎందుకంటే అప్పుడు మాకు వినపడేది ఆ హీరో గొంతే, మీది కాదు. ఆ రోజు పేపర్ల నుంచి ఒక చిన్న వార్త ఇస్తం. పోయినసారి వడ్ల కొనుగోలు కేంద్రంల తేమ శాతం గొడవ వార్త ఇచ్చినం. దాన్ని ఒకసారి చదివి, పేపర్ పక్కన పెట్టి, మీ అమ్మకో మీ బావకో చెప్తున్నట్టు చెప్పాలె. కనగల్ నుంచి వచ్చిన ఒక రైతు ఆ వార్తను "ఇగ జూడు వదినా, మిషినేమో పదిహేడంటది, ఆయనేమో ఇరవయ్యంటడు" అని మొదలుపెట్టంగనే అందరం కలాలు కింద పెట్టినం. అంతకంటే చూసేది ఏముంది?

మా ఇంట్ల ఒప్పుకుంటలేరు. ఆడపిల్లకు నాటకాలేందంటున్నరు.

ఇది ఫోన్ల మెల్లగ అడిగే ప్రశ్న. చాలామంది అడుగుతరు. మేం చేసేది చెప్తా. రిహార్సల్ ఎనిమిదిన్నరకు ఆగుతది, సీను మధ్యల ఉన్నా ఆగుతది. హాలు తలుపులు తెరిచే ఉంటయి, ఇంటోళ్లు ఎవరైనా వచ్చి వెనక బెంచీల మీద కూసోవచ్చు. ఇట్ల కాపలాకు వచ్చిన ఒక నాయనమ్మ మూడో వారానికి కోడలి డైలాగులన్నీ అందరికంటే ముందు చెప్పుడు మొదలుపెట్టింది, ఇప్పుడు మాకు బట్టలు కుట్టేది ఆమెనే. ఆడవాళ్ల మేకప్ గదికి ఆడవాళ్లే బాధ్యులు, లోపల గొళ్లెం ఉంటది. ఎవరన్నా వెకిలిగ మాట్లాడితే రెండోసారి దాక ఆగం. మీ ఇంటోళ్లు మాతోని మాట్లాడుతమంటే మా ఆడ సభ్యులే మీ ఇంటికొచ్చి చాయ తాగి మాట్లాడిపోతరు. అయినా ఒప్పుకోకుంటే మీరు ఇంట్ల అబద్ధం చెప్పి మాత్రం రావద్దు. ఆట రోజు బయటపడితే వేషం ఆగిపోతది, మీకు ఇబ్బంది, మాకు ఇబ్బంది.

ఇంకా ఆడవేషాలు మగవాళ్లే వేస్తరా?

లేదు. ఆ కాలం వేరు. ఆడవేషాలకే స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చిందంటే ఆ కళ ఎంత గొప్పగ సాగిందో తెలుస్తది. కానీ ఇప్పుడు ఆడవాళ్లు వేషానికి ముందుకు వస్తుంటే మగవాళ్లకు చీర కట్టుడు మాకు ఇష్టం లేదు.

పొలం పనులుంటయి, నౌకరీ ఉంటది. ఎట్ల కుదురుతది?

సీజన్ పెట్టిందే పంటను చూసి. వానాకాలం వరికోతలు అక్టోబర్, నవంబర్లల్ల ఉంటయి. అందుకే పొలమున్నోళ్లకు మొదటి నాటకంల పెద్ద వేషం ఇవ్వం. డిసెంబర్ నుంచి యాసంగి నాట్లున్నా సాయంత్రం పూట జర తీరిక దొరుకుతది. మార్చిల పరీక్షలు, ఏప్రిల్ల మళ్ల కోతలు, ఆ మీద ఎండలు. నల్లగొండ ఎండల మేకప్ వేసుకొని మే నెల నాటకం ఆడాలంటే మా వల్ల కాదు. షిఫ్టు డ్యూటీలోళ్లు ముందే డ్యూటీ చార్టు చూపిస్తే మీ సీన్లు ఆ రోజులకు పెట్టం.

పైసలు ఇస్తరా? లేక నేనే కట్టాల్నా?

నటులకు ఇవ్వం. ఇది వృత్తి నాటకం కాదు, ఎవరి బతుకుతెరువు వాళ్లకున్నది. సభ్యత్వం సంవత్సరానికి 300 రూపాయలు, చదువుకునే పిల్లలకు లేదు. హార్మోనియం ఆయనకు, తబలా ఆయనకు, మేకప్ ఆయనకు మాత్రం ఇస్తం. వాళ్లకు అదే బువ్వ పెట్టే పని, వాళ్లను "సేవ" అని పిలిచి ఊరికే కూసోబెట్టుడు తప్పు.

నటన వద్దు. వేరే పనేమన్న ఉందా?

ఉంది, నిజం చెప్పాలంటే దానికే మనుషులు దొరుకుతలేరు. కరెంటు పని తెలిసినోళ్లు, వడ్రంగం తెలిసినోళ్లు, చక్కగ రాసేటోళ్లు, బండి ఉన్నోళ్లు, ఆట రోజు గేటు దగ్గర మర్యాదగ మాట్లాడేటోళ్లు కావాలె. తెర గుంజేటోనికి నటుని కంటే చెవి ఎక్కువ ఉండాలె. ఆఖరి మాట పడ్డంక ఒక్క ఊపిరి ఆగి గుంజితే చప్పట్లు, ముందే గుంజితే మాట మింగినట్టు.

నాకు అరవై దాటినయి. / మా బాబుకు పదేండ్లు.

ఇద్దరూ రండి. తాత వేషాలకు జుట్టుకు తెల్ల రంగు పూసి పూసి విసిగి ఉన్నం.

## ఈ సీజన్ నాటకాల గురించి

ఈసారి ఏమేం వేస్తున్నరు?

నాలుగు. డిసెంబర్ల గురజాడ కన్యాశుల్కం నుంచి ఎంచుకున్న దృశ్యాలు. సంక్రాంతి అయినంక హరిశ్చంద్ర కాటిసీను. ఫిబ్రవరిల మాభూమి. మార్చి 27న, ప్రపంచ రంగస్థల దినోత్సవం నాడు, మన సభ్యులే రాసుకున్న గంట నాటిక, దాని ముందర పిల్లల గొల్లసుద్దులు. పదో తరగతి, ఇంటర్ పిల్లలను మార్చి ఆటల పెట్టుకోలేదు, తల్లిదండ్రులు కంగారు పడొద్దు.

కన్యాశుల్కం మొత్తం వేస్తరా? మన యాసల వేస్తరా?

మొత్తం వేయాలంటే ఏడు అంకాలు, తెల్లారుతది. 1892లో విజయనగరంల మొదటిసారి ఆడిన నాటకాన్ని గురజాడే తర్వాత పెంచి 1909లో అచ్చు వేయించిండు. ఇప్పుడు అందరం చదివేది ఆ పెద్దదే. దాంట్ల నుంచి గిరీశం, వెంకటేశం, బుచ్చమ్మ, మధురవాణి, రామప్పంతులు ఉండే దృశ్యాలు తీసుకొని గంటా నలభై నిమిషాలకు కూర్చినం. కుదించినం గని గురజాడ వాక్యాలను మేం మార్చలేదు, కొన్ని విడిచిపెట్టినం అంతే.

యాస సంగతి. రెండు రాత్రులు కొట్లాడుకున్నం. గిరీశాన్ని నల్లగొండ మాట మాట్లాడిస్తే నవ్వు వస్తది గని అది మన మీద మనం నవ్వుకునే నవ్వు అవుతది. ఆ నాటకం గొప్పతనమే, రాతభాష రాజ్యమేలే రోజుల్ల వాళ్ల ఇంటి మాటను స్టేజి మీదికి ఎక్కించుడు. విజయనగరం మాటను విజయనగరం మాట లెక్కనే ఉంచుడు ఆయనకు మర్యాద. మన మాటకు మర్యాద వేరే నాటకంల చేసుకుంటం.

హరిశ్చంద్రల ఒక్క కాటిసీనేనా? మిగతాది?

ఒక్క కాటిసీనే, గంటంబావు. మొత్తానికి సరిపడ పద్యం పాడేటోళ్లు మా దగ్గర లేరు, లేనిది ఉన్నట్టు చేయొద్దు. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంల జాషువా శ్మశానం పద్యాలు కలిపి పాడుడు చాన్నాళ్ల నుంచి వస్తున్న పద్ధతి, మేమూ అట్లనే పాడిస్తం. ఆ పద్యాల కోసమే మునుగోడు, చండూరు దిక్కు నుంచి ముసలోళ్లు ఆటో మాట్లాడుకొని వస్తరు. "వన్స్ మోర్" అంటే ఒక్కసారికి ఒప్పుకుంటం. రెండోసారి అంటే హరిశ్చంద్రుని గొంతు పోతది.

మాభూమి ఎందుకు? రాజకీయం కాదా?

1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన నాటకం. ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది, అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అంటే రాజకీయమే, దాచేదేముంది. కానీ మేం వేసే కారణం వేరే కూడా ఉన్నది. తన భూమి కోసం కొట్లాడిన రైతు బందగీని దేశముఖు మనుషులు చంపిన కామారెడ్డిగూడెం అప్పటి మన నల్లగొండ జిల్లా జనగామ తాలూకాల ఊరు. తెలంగాణ రైతుల పోరాటంల దొడ్డి కొమరయ్య 1946 జులై 4న తూటాకు పడిపోయిన కడవెండి కూడా అటు దిక్కే. రాసినోళ్లిద్దరూ ఆంధ్రోళ్లు, కథ మాత్రం మన మట్టిది. మన తాతలు బతికిన కథను మన ఊరి హాలుల, మన మనుషులు, మన గొంతుతోని ఆడితే ఎట్లుంటదో చూడాలని. ఏ పార్టీ జెండా స్టేజి మీద ఉండదు, ఏ పార్టీ నాయకుని ఫొటో బ్యానర్ మీద ఉండదు. ఆట అయినంక బయట చాయబండి దగ్గర ఎంత కొట్లాడుకున్నా మాకు సంతోషమే.

గొల్లసుద్దులు నాటకం ఎట్లయితది?

గొంగడి, కట్టె, కథ చెప్పేటాయన, పక్కన ఎకసెక్కాలాడేటాయన. ఇంతకంటే నాటకం ఏం కావాలె? సుద్దాల హనుమంతు ఇదే రూపాన్ని పట్టుకొని పోరాటం రోజుల్ల ఊర్లు కదిలించిండు, సుద్దాల ఊరు మనకు దూరమేం కాదు. పిల్లలకు డైలాగు కంటే ముందు అడుగు, తాళం వస్తే మాట దానంతట అదే కుదురుతది.

నేను రాసిన నాటకం వేస్తరా?

చదువుతం. కొన్ని సంగతులు చూసుకొని పంపండి. మనుషులు ఏడెనిమిది మందికి మించొద్దు. ఒక్కటే సెట్టు ఉండాలె. "కారు వచ్చి ఆగింది", "జోరువాన" రాసే ముందు ఆ కారును, ఆ వానను మేం ఎట్ల తేవాల్నో ఒక్క నిమిషం ఆలోచించండి. రాసింది పైకి చదివి గడియారం చూడండి, గంట దాటితే కత్తిరించండి. ఇంకొకటి, మనకు వచ్చే స్క్రిప్టులల్ల పదింట్ల ఏడు తాగుబోతు మొగనితోని మొదలై ఉపన్యాసంతోని అయిపోతయి. ఉపన్యాసం తీసేసి ఆ మొగనితోని ఆమె ఏం మాట్లాడుతదో రాయండి. ఈసారి తీసుకున్న నాటిక ఒక బత్తాయి తోట అమ్ముకునే రోజు కథ. దాంట్ల ఎవరూ ఎవరికీ నీతి చెప్పరు, బేరం చేస్తరు అంతే.

వేరేవాళ్ల నాటకం ఆడాలంటే పర్మిషన్ కావాల్నా?

1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత పోయినంక 60 ఏండ్ల దాక హక్కులుంటయి. గురజాడ పోయింది 1915లో, ఆయన నాటకం ఎవరైనా ఆడుకోవచ్చు. జాషువా పోయింది 1971లో, కాబట్టి కాటిసీనుల ఆయన పద్యాలకు ఇంకా హక్కులున్నయి. ఒకే సీనుల బలిజేపల్లి నాటకానికి ఒక లెక్క, జాషువా పద్యాలకు ఇంకో లెక్క, ఇది చాలామందికి తట్టదు. అమెచ్యూరు సంఘాలు టికెట్ లేకుండ ఆడితే చట్టంల మినహాయింపు ఉన్నది. మేం టికెట్ పెడుతం కాబట్టి ఆ మినహాయింపు మాకు రాదు, హక్కులున్నోళ్ల దగ్గర రాతపూర్వకంగ తీసుకుంటం. మీరు ఊరికే ఆడినా రచయిత పేరు మాత్రం బ్యానర్ మీద పెద్దగ వేయండి. హార్మోనియం ఆయన పేరు వేసి రచయిత పేరు మరిచిన బ్యానర్లు ఎన్ని చూసిన్నో.

## రిహార్సల్స్ మొదలైనంక

ఎన్ని రోజులు? ఏం చేయిస్తరు?

ఒక్కో నాటకానికి నలభై ఐదు రోజులు, ఆదివారం తప్ప రోజూ ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర. గడియారం సెంటర్ నుంచి నడుచుకుంట వచ్చేంత దూరంల ఒక పాత హాలు. మొదటి పది రోజులు కూసోని చదువుడే, ఎవరూ లేవొద్దు. ఆ తర్వాత సుద్దముక్కతోని నేల మీద సెట్టు గీసుకుంటం, ఇది తలుపు, ఇది మంచం, ఇది బావి. ఆ గీత మీద కాలు పెడితే "బావిల పడ్డవ్" అని అరుస్తం. ఇరవై ఐదో రోజు చేతుల నుంచి స్క్రిప్టు గుంజుకుంటం. ఆఖరు రెండు రోజులు గ్రాండ్ రిహార్సల్, బట్టలు, లైట్లు, సామాను అన్నిటితోని.

డైలాగులు గుర్తుంటలేవు. ఏం చేయాలె?

మీ డైలాగు బట్టీ పట్టకండి, అవతలి మనిషి ఆఖరి మాట పట్టండి. ఆ మాట మీదనే మీ మాట లేవాలె. మీ డైలాగులు ఒక్కసారి చేతితోని రాసుకోండి, ఫోన్ల టైపు చేస్తే అతకదు. ఎదుటివాళ్ల మాటలు ఫోన్ల రికార్డు చేసుకొని మధ్యల మీకు ఖాళీ వదిలి, గిన్నెలు కడిగేటప్పుడో పొలం గట్టు మీద నడిచేటప్పుడో పెట్టుకోండి. కూసోని నేర్చుకున్న డైలాగు నిలబడితే పోతది. నడుస్తూ నేర్చుకున్నది ఉంటది.

స్టేజి మీద కుడి అంటే ఎవరి కుడి?

నటుని కుడి. ప్రేక్షకులది కాదు. మొదటి వారం అందరూ గుద్దుకుంటరు.

పద్యం నేర్పుతరా?

నేర్పుతం, శ్రుతి ఉంటే. ముందు హార్మోనియం ముందర కూసోబెట్టి మీ గొంతు ఏ శ్రుతికి హాయిగ ఆగుతదో చూస్తం. చాలామంది పేరున్న నటుని రికార్డు విని ఆయన శ్రుతిల పాడబోయి రెండో పాదానికే గొంతు చించుకుంటరు. మీ శ్రుతి తక్కువైతే తక్కువనే, సిగ్గేం లేదు. రాగం కంటే ముందు పద్యాన్ని మాట లెక్క చదవాలె, అర్థం ఎక్కడ విరుగుతదో అక్కడ ఆగాలె. యతి దగ్గర ఊపిరి తీసుకొని అర్థాన్ని రెండు ముక్కలు చేసేటోళ్లను మా హార్మోనియం ఆయన చూపుతోనే చంపుతడు.

మా యాస మార్చుకోవాల్నా?

చిన్నప్పటి నుంచి సినిమాలల్ల మన మాట మాట్లాడేది రౌడీనో, నౌకరో, నవ్వించేటోడో. దానివల్ల మన పిల్లలు స్టేజి ఎక్కంగనే "వచ్చాను, చేశాను" అని గొంతు బిగబట్టుకుంటరు. బత్తాయి తోట నాటిక మొదటి చదువుల ఒక అమ్మాయి ఇట్లనే చదివింది. వేరే దిక్కు చూస్తున్నట్టుంది. "నువ్వు మీ నాయిననైతే ఏమని అడుగుతవ్ బిడ్డా?" అన్నం. "తోటెందుకమ్ముతున్నవ్ నాయినా?" అన్నది. హాలు నిశ్శబ్దమైంది, ఆ అమ్మాయి కూడా ఉలిక్కిపడ్డది. ఆ వాక్యమే నాటికల ఉంచినం.

కానీ ఒక హద్దు. పాత్ర విజయనగరం మనిషైతే విజయనగరం మాట నేర్చుకోవాలె, పద్యనాటకంల రాజు గ్రాంథికం మాట్లాడితే ఒత్తులు, శషలు పలకాలె. దేవరకొండ మాట, పాలమూరు మాట, మిర్యాలగూడ మాట కూడా ఒక్కటి కాదు. ఒకే ఇంట్ల తండ్రి ఒక తీరు, కొడుకు ఒక తీరు మాట్లాడితే కూసున్నోళ్లకు తెలిసిపోతది.

మైకులుంటయి గద, గట్టిగెందుకు మాట్లాడాలె?

మా దగ్గర పై నుంచి వేలాడే మైకులు మూడే. అవి గొంతును పెంచుతయి, మింగిన అక్షరాన్ని తెచ్చియ్యవు. అరవమని కాదు, వాక్యం ఆఖరు మాట దించొద్దు. తెలుగుల క్రియ ఆఖరుకు వస్తది, అదే మింగితే "తోట..." అన్నది వినపడుతది, అమ్మిండా కొన్నడా తెలియదు. ఆట వారం రోజుల ముందు నుంచి ఫ్రిజ్ నీళ్లు బంద్.

## ఆట రోజు, వేసేటోళ్లకు

ఎన్నింటికి రావాలె? ఏం తెచ్చుకోవాలె?

మధ్యాహ్నం రెండింటికి. పాత చొక్కా, ముందు గుండీలది, ఎందుకంటే మేకప్ అయినంక తల మీదికెళ్లి తీసే బట్ట వేసుకుంటే రంగంత పోతది. తువ్వాల, కొబ్బరినూనె, పెట్టెడు అన్నం. బంగారం తేవద్దు. వాచీ, కంకణం దారం తీసేయండి, హరిశ్చంద్రుని చేతికి డిజిటల్ వాచీ చూసిన ఊరు మనది.

రంగుతోని ముఖం పాడైతదా?

పాతకాలంల ముఖానికి పూసే అర్దళం రంగుల ఆర్సెనిక్ ఉండేది, దాని భయం ఇంకా జనంల ఉన్నది. ఇప్పుడు వాడేది అది కాదు. ముందు పలచగ కొబ్బరినూనె రాసి రంగు వేస్తరు, అయిపోయినంక నూనెతోనే తీయాలె, సబ్బుతోని రుద్దొద్దు. మీసం అతికే స్పిరిట్ గమ్ కొందరికి మండుతది. రెండు రోజుల ముందే చెవి వెనక జర రాసి చూస్తం.

మధ్యల మాట మరిచిపోతే?

నేనున్న. నా దిక్కు చూడకండి, చూస్తే హాలంత నా దిక్కు చూస్తది. ఆగండి, ఊపిరి తీసుకోండి, చేతిల ఉన్న పని చేయండి, మాట వస్తది.

పోయినేడు కాటిసీనుల హరిశ్చంద్రుడు మూడో పాదం దగ్గర ఆగిపోయిండు. నేను అందించిన, తబలా చప్పుడుల ఆయనకు వినపడలేదు. మళ్ల అందించిన. అంతల మూడో వరుస నుంచి ఒక తాత, రుమాలు కట్టుకున్నడు, కూసున్న కాడనే కండ్లు మూసుకొని ఆ పాదం ఎత్తుకున్నడు. సన్న గొంతు, అయినా శ్రుతి తప్పలేదు. హార్మోనియం ఆయన ఒక్క క్షణం ఆగి ఆ గొంతుకు మెట్టు కలిపిండు. హరిశ్చంద్రుడు నాలుగో పాదం అందుకున్నడు. ఆట అయినంక ఆ తాత కోసం వెతికినం, ఆటో పోయింది.

కరెంటు పోతే?

జనరేటర్ ఉంటది, అందుకునేసరికి నిమిషం పడుతది. ఆ నిమిషం ఎక్కడోళ్లు అక్కడ కదలకుండ ఉండాలె. చీకట్ల వింగులకు ఉరికి సెట్టు కూలగొట్టుకున్నం ఒకసారి.

## చూడటానికి వచ్చేటోళ్లకు

టికెట్ ఎంత? ఫ్రీ పాసులు ఉంటయా?

50 రూపాయలు, పదేండ్లలోపు పిల్లలకు లేదు. నాటకం టికెట్ 500 రూపాయల దాక ఉంటే జీఎస్టీ లేదు, కాబట్టి 50 అంటే 50. పాసులు లేవు. "మనోళ్లే గద" అని గేటు దగ్గర అడగకండి, నల్లగొండల అందరూ మనోళ్లే.

ఎన్నింటికి అయిపోతది? ఊరికి పోవాలె.

ఆరున్నరకు తెర లేస్తది, ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా అయిపోతది. లౌడ్ స్పీకర్లకు రాత్రి పదింటి నిబంధన ఎట్లాగూ ఉన్నది. తొమ్మిది దాటితే ఊర్లకు బస్సులు పలచబడతయి కాబట్టి ఆలస్యంగ మొదలుపెట్టం. ఒకసారి ముఖ్య అతిథి కోసం గంటంబావు ఆగినం. ఆయన వచ్చి నలభై నిమిషాలు మాట్లాడి, నాటకం చూడకుండ పోయిండు. మాల్ ఊరి దిక్కు పోయేటోళ్లు సగంల లేచిపోయిన్రు. అప్పటి నుంచి శాలువా, ఉపన్యాసం అన్నీ ఆట అయినంకనే. దానితోని కొందరు పెద్దమనుషులు వచ్చుడు బంద్ చేసిన్రు, నష్టమేం కనపడలేదు.

చంటిపిల్లలతోని రావొచ్చా?

రావొచ్చు, చివరి కుర్చీలల్ల కూసోండి. పిల్ల ఏడిస్తే బయటికి తీసుకపోయి మళ్ల రండి, ఎవరూ ఏమనరు. కాటిసీను చూసి చిన్నపిల్లలు భయపడతరు, లోహితాస్యుడు నిజంగనే చచ్చిపోయిండనుకుంటరు. అయిపోయినంక స్టేజి మీదికి తీసుకొస్తే ఆ పిల్లగాడు బిస్కెట్ తినుకుంట కనపడుతడు.

వీడియో తీసుకోవచ్చా?

వద్దు. ఫోన్ వెలుగు ముఖం మీద పడితే స్టేజి మీదోళ్లకు మీరే కనపడతరు. ఆఖరుకు అందరూ వరుసగ నిలబడ్డప్పుడు ఎన్నైనా తీసుకోండి.

## ఊర్ల నుంచి అడిగేటోళ్లకు

మా ఊర్ల కూడా సమాజం పెట్టుకుందామనుకుంటున్నం. ఏం చేయాలె?

సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయాలంటే కనీసం ఏడుగురు కావాలె. కానీ రిజిస్ట్రేషన్‌తోని మొదలుపెట్టకండి. అధ్యక్షుడెవరు, కార్యదర్శెవరు అనే కాడనే సంఘం విరిగిపోతది. ముందు ఒక అరగంట నాటిక పట్టుకొని బడి వరండాల ఆడండి. అది అయినంక కూడా ఒకరితోని ఒకరు మాట్లాడుకుంటుంటే, అప్పుడు కాగితాలు తీయండి.

మా ఊర్ల జాతరకు వచ్చి ఆడుతరా?

వస్తం, ఏడాదికి మూడు నాలుగు ఊర్లకు. రానూపోనూ బండి ఖర్చు, ఇరవై మందికి అన్నం, ఆడవాళ్లు బట్టలు మార్చుకోను తలుపు పడే గది. ఇవి మీరు చూసుకోవాలె. పోలీసోళ్ల అనుమతి, మైకు అనుమతి ఊరి పేరు మీద మీరే తీసుకోవాలె. స్టేజి ఇరవై నాలుగడుగుల వెడల్పు, పదహారడుగుల లోతు ఉంటే అన్నీ ఆడొచ్చు, అంతకంటే తక్కువైతే గొల్లసుద్దులు, నాటిక మాత్రమే. డీజే పక్కనే ఉంటే రాం.

స్టేజి లేకుంటే రెండు ట్రాక్టర్ ట్రాలీలు పక్కపక్కన కట్టి మీద పలకలు పరిచినా ఆడుతం, ఆడినం కూడా. కాకపోతే చక్రాల కింద నాలుగు దిక్కుల రాళ్లు పెట్టండి. పోయినసారి వేరే నాటికల బేరం సీను మధ్యల ఒక ట్రాలీ మెల్లగ జరిగింది, కొనేటాయన ఒక ట్రాలీ మీద, అమ్మేటాయన ఇంకో ట్రాలీ మీద, మధ్యల జానెడు సందు. ఊరోళ్లు అదీ నాటకమే అనుకున్నరు.